జీతగానికి ఉగాది ఉంది

పరకాల వైపు ‘జీతం’ అనే మాటకు రెండు అర్థాలు. నౌకరీ చేసేవాని ఇంటికి జీతం వస్తుంది. వ్యవసాయపు పల్లెల్లో మనిషే జీతం ఉంటాడు. “వాడు ఫలానా పటేలు దగ్గర జీతమున్నడు” అన్నారంటే, ఏడాదికి ఇన్ని బస్తాల వడ్లని, ఇంత పైకమని, ఒక గొంగడి, ఒక చెప్పుల జత అని మాట అనుకొని, ఉగాది నుండి ఉగాది దాకా ఆ ఇంటి పశువులకూ పొలానికీ వేళాపాళా లేని పనులకూ తన్ను తాను అప్పగించుకొన్నాడని అర్థం. ఉగాదికి లెక్క చూసేవారు. పొసగితే మరో ఏడాది. పొసగకపోతే జీతగాడు ఇంకొక ఆసామిని చూసుకొనేవాడు.

ఈ ఏర్పాటును నేను మెచ్చుకోవడం లేదు. బాకీ ఉన్న జీతగానికి ఉగాది పేరుకే ఉండేది. పెళ్ళికో చావుకో తీసుకొన్న అప్పు తీరనిదే గడప దాటనిచ్చేవారు కాదు. కొత్త ఆసామి ఎవరైనా ఆ బాకీ కట్టి, దాన్ని తన ఖాతాలో రాసుకొని, మనిషిని తీసుకుపోవలసి వచ్చేది. భగేలా అని దానికొక పేరుండేది. 1976లో పార్లమెంటు వెట్టిచాకిరీని నిర్మూలిస్తూ చట్టం చేసినప్పుడు, దేశంలో నలుమూలలా ఉన్న ఇటువంటి పద్ధతుల పేర్లన్నీ ఏర్చి కూర్చిన జాబితాలో భగేలానూ వెట్టినీ చేర్చింది. ఇంత చెప్పుకొన్నాక కూడా ఒక మాట మిగులుతుంది. బాకీ లేని జీతగానికి ఏడాదికొక రోజు ఉండేది. ఆ రోజు ఏదో అతనికి ముందే తెలిసి ఉండేది.

అమెరికాలో ఉద్యోగం ద్వారా గ్రీన్ కార్డుకు దరఖాస్తు పెట్టుకొన్న పరకాల పిల్లవానికి ఆ రోజు ఏదో తెలియదు.

పోలిక విని నొచ్చుకొనేవారు ఉంటారని నాకు తెలుసు. వాతానుకూలమైన గదిలో కూర్చొని డాలర్లు సంపాదించేవాడు తన్ను జీతగానితో పోల్చుకోవడం పొట్టకూటికి గొడ్లు కాసినవాణ్ణి అవమానించడమేనని ఒక పెద్దమనిషి నాతో అన్నారు. ఆయన మాటలో సగం నిజం. కష్టంలో పోలిక లేదు, ఆకలిలో పోలిక లేదు, కొరడాలో అసలే లేదు. పోలిక ఒకే ఒక్క చోట ఉంది: ఇక నేను వెళ్తానని చెప్పే అధికారం ఎవరి చేతిలో ఉంది? ఆ ఒక్క ప్రశ్ననే నేనిక్కడ పట్టుకొంటాను. దానికి మన పెద్దలు చెప్పే జవాబు, “కార్డు చేతికొచ్చేదాంక ఉన్నకాడనే ఉండు బిడ్డా, నోరు మెదపకు” అన్నది, తప్పు జవాబని నా వాదం. అది పిరికి జవాబు మాత్రమే కాదు, చట్టం తెలియని జవాబు కూడా. అన్నిటినీ మించి, మనలోనే కొందరు యజమానులకు బాగా గిట్టుబాటయ్యే జవాబు.

ముందు ఈ యంత్రం ఎలా తిరుగుతుందో చెప్పాలి. ఊళ్ళో ఉన్నవారికి ‘ప్రాసెస్ నడుస్తోంది’ అన్న మాట తప్ప మరేమీ చేరదు కాబట్టి కొంచెం ఓపిక పట్టవలసి ఉంటుంది.

గ్రీన్ కార్డు దారిలో మూడు మజిలీలున్నాయి. మొదటిది లేబర్ సర్టిఫికేషన్. ఈ పనికి తగిన అమెరికన్ దొరకలేదని యజమాని ప్రకటనలు వేసి, కార్మిక శాఖకు నిరూపించాలి. రెండవది ఐ-140. ఈ మనిషిని శాశ్వతంగా తీసుకొంటాము, ఇంత జీతం ఇవ్వగల స్తోమత మాకుంది అని యజమాని పెట్టుకొనే అర్జీ అది. మూడవది ఐ-485, నివాసం శాశ్వతం చేయమని ఉద్యోగి స్వయంగా పెట్టుకొనేది. మొదటి రెండు కాగితాలూ యజమానివి. మనిషి జీవితమంతా వాటి మీద ఆధారపడి ఉన్నా కాగితం మీద హక్కుదారు అతడు కాడు. మూడవదొక్కటే అతనిది. ఆ మూడవదాన్ని పెట్టుకోవాలంటే వరుసలో అతని తేదీ రావాలి.

తేదీ ఎందుకు రాదంటే, 1990 నాటి చట్టం ఉద్యోగాల ద్వారా ఇచ్చే గ్రీన్ కార్డులను ఏడాదికి దాదాపు 1,40,000కు పరిమితం చేసింది. భార్యాపిల్లలు కూడా ఆ లెక్కలోనే. ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ అందులో 7 శాతం మించరాదన్నది. నూటనలభై కోట్ల భారతదేశానికీ, నాలుగు లక్షలైనా లేని ఐస్‌లాండుకూ ఒకే హద్దు. మనవాళ్ళు ఎక్కువగా ఉండే ఇ.బి.-2 తరగతిలో భారతీయుల మామూలు వాటా ఏడాదికి సుమారు 2,800. ఇతరులకు చెల్లగా మిగిలినవి వస్తే కొన్ని సంవత్సరాలలో పెరుగుతుంది, అంతే. 2025లో నెలనెలా వచ్చిన బులెటిన్లను చూడండి. ఇ.బి.-2లో భారతదేశపు తేదీ 2012, 2013 సంవత్సరాల మధ్యనే తచ్చాడింది. అంటే దాదాపు పదమూడేళ్ళ కిందట వరుసలో నిలబడినవారిని ఆ ఏడాది పిలిచారు. ఇవాళ నిలబడుతున్నవాని సంగతి లెక్క కట్టడం నాకు ఇష్టం లేదు.

వరుస పొడుగు సంగతి నేను వాదించబోవడం లేదు. ఎవరిని ఎందరిని రానివ్వాలన్నది ఆ దేశపు ఇష్టం. 2019 జూలైలో ఆ 7 శాతం హద్దు తీసేసే బిల్లు ప్రతినిధుల సభలో 365–65తో నెగ్గింది. 2020 డిసెంబరులో సెనేటు మరో రూపంలో ఆమోదించింది. రెండు రూపాలూ కలవక బిల్లు పోయింది. అది వారి ఇంటి గొడవ. నా గొడవ వేరు. వరుసలో నిలబడటం ఒకటి, నిలబడినంత కాలం ఒకని చేతికి తాడు ఇచ్చి నిలబడటం ఇంకొకటి. మనవాళ్ళు ఈ రెండింటినీ కలిపేసి, “లైన్ల నిలబడ్డంక తప్పుతదా” అని తాడును కూడా ప్రకృతి ధర్మంగా ఒప్పేసుకొన్నారు.

ఈ తాడు మా ఊరికి కొత్తది కాదు. పరకాల చుట్టూ పత్తి పండుతుంది. విత్తనాలకూ మందులకూ అడ్తి దగ్గర పైకం తెచ్చుకొన్న రైతు, పత్తి చేతికొచ్చాక వరంగల్లులో ఏనుమాముల మార్కెట్టుకు తోలుకుపోతే నాలుగు రాళ్ళు ఎక్కువ వస్తాయని తెలిసి కూడా, పెట్టుబడి పెట్టినవానికే వాడు చెప్పిన ధరకు వేయవలసి వస్తుంది. అప్పుకు వడ్డీ వేరే ఉంది కదా, మళ్ళీ ధరలో ఈ కోత ఏమిటని రైతు అడగలేడు. వచ్చే ఏడు మళ్ళీ పైకం కావాలి. కన్సల్టెన్సీ యజమాని దగ్గర పనిచేసే ఇంజనీరుదీ ఇదే లెక్క. క్లయింటు గంటకు ఎంత ఇస్తున్నాడో, తనకు అందులో ఎంత వస్తోందో అతనికి కొంత తెలుసు. బయట ఎంత వస్తుందో పూర్తిగా తెలుసు. అయినా అడగడు. ఐ-140 అవతలివాని సొరుగులో ఉంది.

ఇప్పుడు చట్టం సంగతి. 2000 అక్టోబరులో అమెరికా కాంగ్రెసు ఒక చట్టం చేసింది. ఏసీ-21 అని దాన్ని పిలుస్తారు. ఈ తాడు ఎంత అన్యాయమో అది చేసినవారికి తెలుసు. ఐ-485 పెట్టి 180 రోజులు దాటినా తేలకపోతే, ఉద్యోగి అదే రకమైన లేదా అటువంటి మరొక పనికి వేరే యజమాని దగ్గరికి వెళ్ళవచ్చు. పాత లేబరూ పాత ఐ-140 చెల్లుతాయి. అదే చట్టం వల్లనే ఆరేళ్ళ హద్దు దాటిన తరువాత కూడా హెచ్-1బిని పొడిగించుకొనే వీలు వచ్చింది. కొత్త యజమాని అర్జీ పెట్టగానే అక్కడ పనిలో చేరే హక్కూ అందులోదే. 2016 మార్చిలో ‘అటువంటి పని’ అంటే ఏమిటో వివరిస్తూ ప్రభుత్వం ఒక పత్రం ఇచ్చింది. ప్రోగ్రామరు మేనేజరైనంత మాత్రాన దారి తప్పినట్టు కాదని అది చదివినవారికి తెలుస్తుంది. 2017 జనవరి 17 నుండి అమలైన నిబంధన ఇంకొక మెట్టు ఎక్కింది. ఐ-140 ఆమోదం పొంది 180 రోజులు దాటితే, యజమాని దాన్ని ఉపసంహరించుకొన్నంత మాత్రాన అది రద్దయిపోదు. మోసమో, ప్రభుత్వపు పొరపాటో బయటపడితే తప్ప వరుసలో తేదీ ఉద్యోగికే దక్కుతుంది. కొత్త యజమాని లేబరూ ఐ-140 మొదటినుండి పెట్టవలసిందే, కానీ పాత తేదీ వెంట వస్తుంది. కొత్త ఆసామి పాత బాకీ కట్టి మనిషిని తీసుకుపోవడమని పైన చెప్పానే, సరిగ్గా అదే.

చట్టపరంగా ఇంకొక విచిత్రం ఉంది. గ్రీన్ కార్డు ఇవాళ్టి ఉద్యోగానికి ఇచ్చేది కాదు. కార్డు వచ్చిన తరువాత ఇవ్వబోయే ఉద్యోగానికి ఇచ్చేది. యజమాని ఇన్నేళ్ళుగా “నీ కార్డు కోసమే నిన్ను ఇక్కడ ఉంచుకొంటున్నాను” అని ఉపకారిలా మాట్లాడటంలో ఎంత గాలి ఉందో ఈ ఒక్క ముక్క చెబుతుంది.

అయితే అన్నీ ఉన్నాయి కదా, ఇక వాదమెందుకని ఎవరైనా అడగవచ్చు. 180 రోజుల హక్కు ఐ-485 పెట్టుకొన్నవానికి. తేదీ రానివాడు ఐ-485 పెట్టలేడు. కాబట్టి 2000లో కోసిన తాడు భారతీయులలో ఎక్కువమందికి అందనే లేదు. ఏళ్ళకేళ్ళు రెండవ మజిలీలో ఆగిపోయినవానికి ఉద్యోగం మారడమంటే మొదటి మజిలీ మళ్ళీ నడవడమే. అందుకు కొత్త యజమాని ఒప్పుకోవాలి, ఏడాదికి పైగా పట్టాలి, ఈలోపు కొత్తచోట తీసేస్తే ఉండటానికి గరిష్ఠంగా 60 రోజులు. 2022, 2023లో పెద్ద పెద్ద కంపెనీలు వేలమందిని తీసేసినప్పుడు ఈ అరవై రోజుల లెక్క ఎన్ని తెలుగు ఇళ్ళలో గోడ మీద క్యాలెండరులో పెన్సిలు గీతలుగా కనిపించిందో నేను చూశాను. నిలకడగా ఉండు అనే పెద్దల భయం ఊహలోంచి పుట్టింది కాదు. ఒప్పుకొంటాను. కానీ కదలకుండా ఉన్నవాణ్ణి మాత్రం ఆ అరవై రోజులు వదిలిపెట్టాయా? తీసేసిన జాబితాలలో పదేళ్ళు ఒకేచోట నోరు మెదపకుండా కూర్చొన్నవారు ఎందరో ఉన్నారు.

నా సంగతి కొంత చెబుతాను. నా మొదటి యజమాని తెలుగువాడే. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం, ఆ రకం కంపెనీలు ఒకటి కాదు. 2014లో నా లేబరు పెట్టారు. ప్రకటనల ఖర్చనీ లాయరు ఖర్చనీ నా జీతంలో కోసుకొన్నారు. 2007 జూలై 16 నుండి అమలులో ఉన్న నిబంధన ప్రకారం లేబరు ఖర్చు యజమాని మాత్రమే భరించాలి, ఉద్యోగి దగ్గర ఏ రూపంలోనూ వసూలు చేయరాదు. ఆ సంగతి ఆయనకు తెలుసు. అందుకే రసీదులో ‘శిక్షణ’ అని రాశారు. 2016లో నాకు ఇంకొకచోట మంచి పని వచ్చింది. వెళ్తానని చెప్పాను. ఆయన కోపగించుకోలేదు. చాలా ప్రేమగా, “తమ్ముడూ, నువ్వు వెళ్ళిన మర్నాడు నీ ఐ-140 వెనక్కి తీసుకోవలసి వస్తుంది, కంపెనీ పద్ధతి అది, నా చేతిలో లేదు” అన్నారు. వెళ్ళలేదు. ఏడాది తిరక్కముందే 2017 నాటి నిబంధన అమలులోకి వచ్చింది. ఆ తరువాత నెల నేను రాజీనామా ఇచ్చాను. ఆ రోజు ఆయన ముఖంలో ఆ తమ్ముడు కనిపించలేదు.

రెండవ యజమాని మళ్ళీ లేబరు పెట్టారు, తేదీ 2014దే మిగిలింది. 2020 అక్టోబరు బులెటిన్లో ఇ.బి.-3 దరఖాస్తులకు 2015 జనవరి 1 దాకా తలుపు తెరిచినప్పుడు, నాలాంటివారు వేలమంది తరగతి తగ్గించుకొని ఐ-485 పెట్టారు. అది ఇప్పటికీ తేలలేదు. 180 రోజులు దాటిన తరువాత, 2022లో మూడవ యజమాని దగ్గరికి మారాను. సప్లిమెంట్ జె అనే ఒక ఫారం నింపి పంపాను. అంతే. ఆకాశం విరిగి పడలేదు. మారేముందు పరకాలలో మా నాయనకు ఫోను చేస్తే, ఆయన అరగంట మౌనంగా విని, “రెండేండ్లు ఆగరాదు కొడుకా” అన్నారు. అప్పటికి అమెరికాలో పద్నాలుగేళ్ళు నిండాయి. ఆ రెండేళ్ళ మాట ఏ లెక్కలోంచి వచ్చిందో ఆయనా చెప్పలేరు, నేనూ అడగలేదు. పిల్ల పెళ్ళి సంబంధానికి వచ్చేవారు “ఐ-140 అయిందా?” అని అడిగే ఊరు మాది. ఆ కాగితం ఆమోదమైతే భార్యకు పనిచేసే అనుమతి వస్తుందని, 2015 మే నుండి ఆ వీలు ఉందని, కట్నకానుకల లెక్కలో అది కూడా కలుస్తుందని వియ్యాలవారికి బాగా తెలుసు. అదే కాగితాన్ని ఎవరు ఎవరి మీద ఎలా ప్రయోగిస్తారో తెలుసుకోవడానికి మాత్రం ఎవరికీ ఆసక్తి లేదు.

ఈ విషయంలో మనవాళ్ళ పేర్లు ఎక్కడ కనబడతాయో చెబితే ఆశ్చర్యపోతారు. అమెరికా ఫెడరల్ కోర్టుల తీర్పుల సంపుటాలలో. ఉద్యోగం మారిన తరువాత ఐ-140 రద్దయితే ఏమవుతుందన్న ప్రశ్న మీద వచ్చిన ముఖ్యమైన తీర్పులలో మూడింటికి తెలుగు ఇంటిపేర్లే ఉన్నాయి. కూరపాటి కేసు 2014లో, మంతెన కేసు 2015లో, ముసునూరు కేసు 2016లో. మంతెన కేసు చూడండి. ఉద్యోగి 180 రోజుల హక్కు కింద చట్టబద్ధంగా వేరే యజమాని దగ్గరికి మారారు. ఆ తరువాత పాత కంపెనీ పెద్ద, ఈమెకు సంబంధం లేని వేరొక అర్జీ విషయంలో మోసం చేసినట్టు కోర్టులో ఒప్పుకొన్నాడు. దాంతో ఆ కంపెనీ పెట్టిన అర్జీలన్నిటి మీదా అనుమానం. ఈమె ఐ-140ని రద్దు చేయదలచుకొన్నామని ప్రభుత్వం నోటీసు పంపింది. ఎవరికి? ఆ పాత కంపెనీకి. అర్జీ పెట్టింది వాడు కాబట్టి. ఉద్యోగికి లేదు, కొత్త యజమానికి లేదు. జవాబిచ్చే ఆసక్తి ఉన్న ఒక్కరికీ చెప్పకుండా, జవాబు రాలేదు కాబట్టి రద్దు చేశామన్నారు. కింది కోర్టు ఇందులో తలదూర్చే అధికారం మాకు లేదంది. 2015 డిసెంబరు 30న న్యూయార్కులోని రెండవ సర్క్యూట్ అప్పీలు కోర్టు అది తప్పంది. మారే హక్కు ఇచ్చిన చట్టమే, మారినవానికి లేదా అతని కొత్త యజమానికి కబురు చేయాలని కూడా చెప్పినట్టేనంది. కూరపాటి కేసులో, అర్జీ యజమానిదే అయినా నష్టపోయేది ఉద్యోగి కాబట్టి కోర్టుకెక్కే హక్కు ఉద్యోగికి ఉందని పదకొండవ సర్క్యూట్ అంతకు ఏడాది ముందే చెప్పింది. 2016లో ఏడవ సర్క్యూట్ కూడా కొత్త యజమానికి కబురు చేయాలంది. 2017 నవంబరులో ఇమిగ్రేషన్ శాఖే తల వంచి, సక్రమంగా మారిన ఉద్యోగి కూడా కక్షిదారేనని, అతనికి నోటీసు ఇవ్వాలని తన అధికారులందరికీ కట్టుబాటు చేసింది.

ఇది చిన్న గెలుపు కాదు. అంతవరకు కాగితాల మీద లేని మనిషి మొట్టమొదటిసారి కాగితం మీదికి వచ్చాడు. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు బువార్ఫా కేసులో, అది పెళ్ళి ద్వారా పెట్టిన అర్జీకి సంబంధించినదే అయినా, ఆమోదించిన అర్జీని రద్దు చేయడం శాఖ విచక్షణ, ఆ నిర్ణయం మంచిచెడ్డలను కోర్టులు విచారించజాలవని ఏకగ్రీవంగా చెప్పింది. తలుపు ఆ వైపు కొంత మూసుకొంది. అటువంటప్పుడు ముందుగానే నోటీసు అందుకొని శాఖ ముందే జవాబు చెప్పుకొనే హక్కు ఇంకెంత విలువైనదో వేరే చెప్పనక్కర లేదు. అది తెచ్చిపెట్టింది కదిలినవారు. కూర్చొన్నవారు కాదు.

నోరు మెదపకు అనేవారికి ఇంకొకటి గుర్తు చేస్తాను. 2007 జూలైలో దాదాపు అన్ని ఉద్యోగ తరగతుల తేదీలూ తెరిచామని బులెటిన్ వేసి, జనం పరుగుపరుగున వైద్య పరీక్షలు చేయించుకొని కాగితాలు సిద్ధం చేసుకొన్నాక, జూలై 2న లేదు పొమ్మన్నారు. మనవాళ్ళు అరవలేదు, ఇమిగ్రేషన్ శాఖ అధిపతికి వందలకొద్దీ పూలగుత్తులు పంపారు. మున్నాభాయి సినిమాలోని గాంధీగిరి. ఆయన వాటిని సైనిక ఆసుపత్రికి తరలించారు. జూలై 17న ప్రభుత్వం మాట మార్చుకొని ఆగస్టు 17 దాకా దరఖాస్తులు తీసుకొంది. (చిరంజీవి ‘శంకర్ దాదా జిందాబాద్’ విడుదలైంది ఆ తరువాతనే. ఇక్కడ ప్రేక్షకులు సినిమాకన్నా ముందు నడిచారు.) నోరు మూసుకొని ఉంటే ఆ నెల రోజులు వచ్చేవి కావు. అన్నట్టు, 1947 సెప్టెంబరు 2న జెండా ఎగరేయడానికి వచ్చినవారి మీద నిజాం పోలీసులు తుపాకులు పేల్చిన ఊరు మాది, 2003లో వారికి అమరధామం కట్టుకొన్న ఊరు. ఆ ప్రాణాలకూ ఈ ఉద్యోగాలకూ పోలిక తెచ్చేంత సిగ్గుమాలినవాణ్ణి కాను. అయితే ఆ ధామానికి చుట్టాలను తీసుకెళ్ళి చూపించే పెద్దలే ఇంటికొచ్చి “నోరు మెదపకు” అంటే వినడానికి ఇబ్బందిగా ఉంటుంది.

అసలు కోపం చివరికి ఎవరి మీద అంటే, నాకు ప్రభుత్వం మీద కాదు. పరాయి దేశపు ప్రభుత్వం తన తాళం తాను వేసుకొంటుంది. ఆ తాళం చెవిని సొంత లాభానికి జేబులో వేసుకొన్న మన యజమాని మీద. కొత్తగా వచ్చిన పిల్లవానికి విమానాశ్రయంలో కారు పంపి, ఇంట్లో భోజనం పెట్టి, “మన జిల్లావాడివి” అని, ఏడాది ముందు మానేస్తే ఇంత జరిమానా అని రాసిన కాగితం మీద సంతకం పెట్టించుకొంటాడు. హెచ్-1బి చట్టం అటువంటి జరిమానాను నిషేధించింది. రాష్ట్రపు చట్టాన్ని బట్టి నిజంగా జరిగిన నష్టానికి ముందే అనుకొన్న పరిహారం వేరు, వెళ్ళిపోయినందుకు వేసే దండుగ వేరు. ప్రాజెక్టు లేని నెలల్లో జీతం ఆపడం కూడా చట్టవిరుద్ధమే. ఇవన్నీ కార్మిక శాఖకు పన్నెండు నెలలలోగా ఫిర్యాదు చేయవచ్చు, ఫిర్యాదు చేసినందుకు కక్ష తీర్చుకోవడాన్ని కూడా చట్టం నిషేధించింది. నేను వెళ్ళిన తెలుగు మహాసభలలో సినిమా తారలను చూశాను, నగల దుకాణాలు చూశాను, హైదరాబాదు శివార్లలో ప్లాట్లు అమ్మేవారిని చూశాను. ఈ నాలుగు వాక్యాలు తెలుగులో అచ్చువేసి పంచిన బల్ల ఒక్కటి చూడలేదు. అటువంటి బల్ల పెడితే, ఆ సభకు చందా ఇచ్చినవారిలో కొందరు వచ్చే ఏడు ఇవ్వరు మరి.

తాడు రెండవ కొసన భార్యాపిల్లలు ఉంటారన్నది కూడా మరవరాదు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రం ఓలాతేలో శ్రీనివాస్ కూచిభొట్ల హత్యకు గురైనప్పుడు, భర్త దరఖాస్తు మీద ఆధారపడిన సునయన దుమాల అమెరికాలో ఉండే హక్కు కూడా అతనితోపాటే పోయింది. ఆ రాష్ట్రపు కాంగ్రెసు సభ్యుడు కెవిన్ యోడర్ పూనుకొంటే గాని ఆమెకు తాత్కాలికంగా పనిచేసే వీలు దొరకలేదు. ఒక్క మనిషి చేతిలోని ఒక్క కాగితం మీద ఇంటిల్లిపాదినీ నిలబెట్టే ఏర్పాటు ఇది. నిలబడిన పిల్లలకు ఇరవైయొకటి నిండితే వరుసలోంచి వాళ్ళను విడిగా బయటికి పంపేస్తారు. అటువంటి ఏర్పాటులో ఉన్నవానికి తెలివైన సలహా “కదలకు” అన్నది కాదు. “ఏ కాగితం ఎక్కడుందో, ఎవరి పేరున ఉందో ముందు తెలుసుకో” అన్నది. నా మొదటి యజమాని ఐ-140 ప్రతి అడిగినప్పుడల్లా “ఇంకా రాలేదు తమ్ముడూ, రాగానే ఇస్తాను” అనేవారు. 2016లో, ఆయన ఆ ప్రేమపూర్వకమైన బెదిరింపు చేసిన వారమే, అక్కడి సమాచార హక్కు చట్టం కింద ఒక ఫారం నింపి ఇమిగ్రేషన్ శాఖకు పంపాను. లాయరు అక్కరలేదు. నాలుగు నెలలకు ఒక సీడీ వచ్చింది. అందులో నల్ల గీతలు కొట్టేసిన పేజీల మధ్య నా ఐ-140 ఆమోదపత్రం ఉంది. దాని మీది తేదీ ప్రకారం, ఆయన “రాలేదు” అన్న మొదటిసారికి అప్పటికే ఎనిమిది నెలల ముందు అది ఆయన చేతికి వచ్చింది.